చూడ్డానికి బానే ఉన్నావు కదే!

మా వైపు రోగనిర్ధారణ రెండు చోట్ల జరుగుతుంది. మొదటిది ఆస్పత్రిలో. అక్కడ రక్తం తీస్తారు, ఎక్స్‌రే తీస్తారు, ఫీజు తీసుకుంటారు, చివర్న జబ్బు పేరు కాగితం మీద రాసిస్తారు. రెండోది పెళ్ళిపందిట్లో. అక్కడ ఏమీ తియ్యరు. మా మేనత్త కళ్ళజోడు సర్దుకుని నన్ను పాపిట నుంచి పాదాల దాకా ఒక్కసారి చూస్తుంది. చూసి తీర్పు చెబుతుంది.

"చూడ్డానికి బానే ఉన్నావు కదే!"

అంతే. పన్నెండేళ్ళ రుమటాయిడ్ ఆర్థరైటిస్, రెండు సంచుల రిపోర్టులు, పక్కకి ఒరుగుతున్న వేళ్ళు, అన్నీ ఆ ఒక్క మాటతో కొట్టివేత. మా అత్త తీర్పు మీద అప్పీలుకు పై కోర్టు లేదు.

నిజానికి ఆవిణ్ణి ఒక్కర్తినీ అనడానికి లేదు. మన పలకరింపులోనే ఉంది కిటుకు. తెలుగువాళ్ళు ఎదురుపడితే మొదటి మాట "బాగున్నారా?" అది ప్రశ్న అనుకునేవాళ్ళు అమాయకులు. వాలీబాల్లో సర్వీసు లాంటిది అది. "ఆఁ, బాగున్నాం, మీరూ?" అని వెంటనే అవతలికి కొట్టెయ్యాలి. మధ్యలో బంతి పట్టుకుని "లేదండీ, పొద్దున్నుంచీ మణికట్లు వాచిపోయి ఉన్నాయి" అన్నామంటే ఆట ఆగిపోతుంది. జ్వరమైతే చెప్పుకోవచ్చు. జ్వరానికో మర్యాద ఉంది, మూడు రోజులుంటుంది, పోతుంది. కాలు విరిగిందన్నా చెప్పుకోవచ్చు. పిండికట్టు సాక్ష్యం ఉంటుంది, రెండు నెలలు పోయాక "తగ్గిందా?" అంటే "తగ్గింది" అని చెప్పి అడిగినవాళ్ళ రుణం తీర్చుకోవచ్చు. తగ్గనిది, చంపనిది, కనపడనిది, ఇలా మూడు తప్పులూ ఒకేసారి చేసిన జబ్బుకి మాత్రం మన పందిళ్ళలో కుర్చీ వెయ్యరు.

కీళ్లవాతం అనగానే అందరికీ తెలిసినట్టే ఉంటుంది. చిక్కంతా అక్కడే. "మా అమ్మమ్మకీ ఉండేది" అంటారు. వాళ్ళ అమ్మమ్మకి ఉన్నది చాలామటుకు అరిగిన మోకాలు. నాది అరుగుదల కాదు. ఒంటికి కాపలా కాయాల్సిన రక్షణ వ్యవస్థే కీళ్ళ లోపలి పొరని పగవాడనుకుని మీద పడుతుంది. కంచే చేను మెయ్యడం. దీనికి ముసలితనంతో పని లేదు, ముప్ఫైల్లో నలభైల్లో కూడా వచ్చి కూర్చుంటుంది. మగవాళ్ళకంటే ఆడవాళ్ళ మీద రెండు మూడింతలు ఎక్కువ ప్రేమ. వేళ్ళ కణుపులు, మణికట్లు, కాలి చీలమండలు, ఎడమా కుడీ పక్షపాతం లేకుండా జతలు జతలుగా పట్టుకుంటుంది. నిద్ర లేచాక గంటో గంటన్నరో చేతులు చేతుల్లా ఉండవు, ఎవరో రాత్రికి రాత్రి గంజి పెట్టి ఇస్త్రీ చేసినట్టుంటాయి. బ్రష్షు పట్టుకోవడం ఒక పని, పేస్టు మూత తియ్యడం ఇంకో పని, రెండూ అయ్యేసరికి పళ్ళు తోముకోవాలన్న సంగతి మర్చిపోతాను. పొద్దెక్కేకొద్దీ వేళ్ళు కొంచెం కొంచెం దారికొస్తాయి. సాయంత్రం ఏడింటికి పట్టుచీర కట్టుకుని పెళ్ళికి వెళ్ళేసరికి నిజంగానే బానే ఉంటాను. అందుకే మా అత్త అబద్ధం చెబుతోందని అనను. ఆవిడ చూసే వేళకి బానే ఉంటాను. పొద్దున్నే ఐదింటికి మా ఇంటికొచ్చి చూడమని చాలాసార్లు పిలిచాను. ఆ వేళప్పుడు ఆవిడ నిద్రపోతూ ఉంటుంది.

ఈ జబ్బు నా దగ్గర మొదట పట్టుకుపోయింది ముగ్గుని. ముగ్గు వేసేవాళ్ళకి తెలుస్తుంది, చూపుడువేలు, బొటనవేలు, ఈ రెండింటి మధ్య సందు మీద నడుస్తుంది ఆ విద్య అంతా. ఆ సందు ఎంత బిగించాలి, ఎప్పుడు వదలాలి అన్నది వేళ్ళకే తెలియాలి. ఒక ధనుర్మాసంలో నా వేళ్ళు ఆ లెక్క మర్చిపోయాయి. గీత వెయ్యబోతే గుప్పెడు పిండి కుప్పగా పడింది. మర్నాడు బజారుకెళ్ళి ప్లాస్టిక్ ముగ్గు స్టిక్కరు కొనుక్కొచ్చి గుమ్మం ముందు అతికించాను. ఎదురింటావిడ చూసి, "ఈ కాలం ఆడవాళ్ళకి బద్ధకం" అని మా పనమ్మాయితో అంది. బద్ధకం అన్న బిరుదు నాకు అప్పుడే నచ్చింది. బద్ధకస్తురాలికి సానుభూతి చూపించరు కదా, సలహాలు కూడా ఇవ్వరు. వికలాంగురాలు అనిపించుకోవడం కన్నా బద్ధకస్తురాలు అనిపించుకోవడమే నయమని చాన్నాళ్ళు అనుకున్నాను. చదువుకున్నదాన్ని. పిల్లలకి పాఠాలు చెప్పేదాన్ని. అయినా అనుకున్నాను.

ఇక సలహాలు. వాటిని గురించి తొందరపడి రాస్తే పాపం తగులుతుంది. వంకాయ వాతం, మానెయ్. చామదుంప వాతం, మానెయ్. శనగపిండి సరేసరి. గోంగూర పేరెత్తకు. అన్నీ మానేశాను. గోదావరి ఒడ్డున పుట్టి గోంగూర మానేసినందుకు ఏ సర్టిఫికెట్టుతోనూ పనిలేకుండా నాకో పింఛను ఇవ్వొచ్చు. నల్లేరు పచ్చడి తిన్నాను. వావిలాకు వేసి కాచిన నీళ్ళతో కాపడం పెట్టుకున్నాను. మెంతులు రాత్రి నానబెట్టి పొద్దున్నే మింగాను. రాగి కడియం తొడుక్కున్నాను, వాపు పెరిగాక దాన్ని తియ్యడానికి సబ్బునీళ్ళు, ఇద్దరు మనుషులు కావాల్సి వచ్చారు. మోకాళ్ళు పట్టేశాయి మహాప్రభో అంటే, నలభై రోజులపాటు రోజుకి నూటెనిమిది ప్రదక్షిణాలు చెయ్యమన్నాడు ఒక జ్యోతిష్కుడు. చెయ్యగలిగితే ఆయన దగ్గరికి ఎందుకెళతాను?

వీటిలో ప్రమాదం లేనివి కొన్ని, నోటికి రుచైనవి కొన్ని. కానీ పొడి పొట్లాల సంగతి వేరు. "అక్కడెక్కడో ఒకాయన మందిస్తాడు, ఇరవయ్యొక్క రోజుల్లో మంచం మీద ఉన్నవాళ్ళు లేచి పరిగెత్తారు" అని మా ఆడపడుచు చెప్పింది. వెళ్ళాం. గోధుమరంగు పొడి, పేరు లేదు, ఊరు లేదు, ఒట్టి పొట్లం. వారంలో నొప్పి మాయం. నేను ముగ్గు వేశాను, వడియాలు పెట్టాను, రోకలి పట్టుకుని కారం దంచాను. రెండు నెలలకి మొహం పున్నమి చంద్రుడిలా గుండ్రంగా ఉబ్బింది, బుగ్గలు నిండాయి. మా అత్త చూసి మురిసిపోయింది. "ఇప్పుడే కళొచ్చిందే నీకు!" అంది. మా డాక్టరు చూసి తల పట్టుకున్నాడు. ఆ పొట్లంలో ఉన్నది మూలిక కాదమ్మా, స్టిరాయిడ్ కలిపారు అన్నాడు. పోనీ మానేద్దామా అంటే ఒక్కసారిగా మానకూడదు, ప్రాణం మీదికొస్తుంది, మెట్టు మెట్టుగా దించుకుంటూ రావాలి అన్నాడు. పేరు లేని మందుకి మెట్లు ఎక్కడ వెతుక్కోవాలి? ఆ దిగుడు దిగడానికి నాకు ఏడు నెలలు పట్టింది. కళ పోయింది.

అసలు మందు మాత్రం పాపం ఎవరి దగ్గరా మాట దక్కించుకోలేకపోయింది. దాని పేరు మెథోట్రెక్సేట్. వారానికి ఒక్కసారే వెయ్యాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాలు పోతాయి. నేను ఆదివారం రాత్రి వేసుకుంటాను కాబట్టి సోమవారం నాకు కడుపులో తిప్పుడు, తలలో మబ్బు. దాని దుడుకుతనం తగ్గించడానికి వేరే రోజు ఫోలిక్ యాసిడ్ బిళ్ళ. మందుల షాపు కుర్రాడు చీటీ చూసి గొంతు తగ్గించి "క్యాన్సరా మేడమ్?" అన్నాడు. క్యాన్సరుకీ వాడతారు మరి, పెద్ద మోతాదులో. కీళ్ళకి చిన్న మోతాదు. అమెరికాలో దీన్ని ఈ జబ్బుకి వాడొచ్చని 1988లో ఒప్పుకున్నారు.

"ఈ ఇంగ్లీషు మందులు వేడే, అవి మానెయ్, అన్నీ అవే సర్దుకుంటాయి" అంటుంది మా అత్త ఏటా. అప్పుడు నా దగ్గరున్న బ్రహ్మాస్త్రం తీస్తాను. "ఇది ఇంగ్లీషు మందు కాదత్తా, భీమవరం మందు." వేళాకోళం కాదు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలు నడిపించినప్పుడు, ఆయన బృందమే ఫోలిక్ యాసిడ్‌ని తయారు చేసింది. దానికి అడ్డు తగిలే మందులనీ అదే బృందం చేసింది. ఆ అడ్డు తగిలే వంశంలోదే నా ఆదివారం బిళ్ళ. అంటే విషమూ మనవాడిదే, విరుగుడూ మనవాడిదే. ఇంతకన్నా స్వదేశీ వైద్యం ఎక్కడ దొరుకుతుంది? మా అత్త కాసేపు ఆలోచించింది. "భీమవరంలో ఏ వీధి వాళ్ళు?" అని అడిగింది.

ఇప్పుడు గొడుగు సంగతి చెప్పాలి. ఇందులో వెక్కిరించాల్సింది నన్నే.

ఆరేళ్ళ కిందట నా కుడి చీలమండ మొండికేసింది. డాక్టరు చేతికర్ర వాడమన్నాడు. కర్రా? నాకు నలభయ్యొక్కేళ్ళు. డెబ్భయ్యెనిమిదేళ్ళ మా అత్తగారు కర్ర లేకుండా కూరగాయల బజారుకి వెళ్ళొస్తుంటే, ఆవిడ కోడలు కర్ర పట్టుకుని గుమ్మం దాటితే లోకం ఏమంటుంది? అందుకని పొడుగుపాటి నల్ల గొడుగు ఒకటి కొన్నాను, వంపు పిడిది, వెనకటి కరణాలు పట్టుకునేలాంటిది. వానాకాలంలో వాన కోసం. ఎండాకాలంలో ఎండ కోసం. మరి డిసెంబరులో? డిసెంబరులో మంచు అన్నాను. కాలేజీ స్టాఫ్‌రూములో నన్ను "గొడుగు మేడమ్" అనేవాళ్ళు. వికలాంగురాలు అనిపించుకోవడం ఇష్టం లేక పిచ్చిది అనిపించుకోవడానికి సిద్ధపడ్డాను. మూడేళ్ళు. గొడుగు మొన చలువరాయి మీద జారుతుందని తెలిసి కూడా. ఒకసారి ఒక షాపింగ్ మాల్ గచ్చు మీద అది జారి, బటన్ నొక్కుకుని తెరుచుకుంది. నేను కింద, గొడుగు పైన, చుట్టూ జనం. "గొడుగు చూసుకోవాలి కదమ్మా" అన్నాడు సెక్యూరిటీ అతను. తప్పు గొడుగు మీదికి పోయినందుకు ఆ నొప్పిలోనూ నాకు సంతోషం కలిగింది. మా మేనత్త ఒకతి బయట ఉంటే, ఇంకొకతి నాలోనే పీట వేసుకుని కూర్చుందని ఆ గచ్చు మీద పడుకునే తెలుసుకున్నాను.

సరే, ఒప్పుకుందాం అనుకున్నాను. ఒప్పుకుంటే చాలదు, సర్కారు కూడా ఒప్పుకోవాలిట.

మీసేవలో స్లాటు తీసుకుని, వైకల్యం ఎంత శాతమో కొలిచి సర్టిఫికెట్టు ఇచ్చే సదరం శిబిరానికి వెళ్ళాను. వికలాంగుల శిబిరం పై అంతస్తులో పెట్టారు. ముప్ఫై రెండు మెట్లు, లిఫ్టుకి "మరమ్మతులో ఉన్నది" అని బోర్డు, ఆ బోర్డు కూడా పాతబడి ఒక మేకు ఊడి వేలాడుతోంది. ముందు ఇదేదో పరీక్షలో భాగం అనుకున్నాను. పైకి ఎక్కగలిగినవాళ్ళు ఫెయిలు, ఎక్కలేనివాళ్ళు పాసు అనేమో. కాదుట. ఎక్కాకే పరీక్ష. ఎక్కలేనివాళ్ళని ఇంట్లోవాళ్ళు కుర్చీలతో సహా మోసుకొస్తున్నారు, ఉత్సవ విగ్రహాల్లాగా.

నా వంతు వచ్చేసరికి మధ్యాహ్నం మూడయింది. నా కీళ్ళకి అది రాజయోగం పట్టే సమయం. డాక్టరు మంచివాడే, ఆరోజు ఆయన ముందు రెండొందల మంది ఉన్నారు. కోణాలు కొలిచే స్కేలు పెట్టి మణికట్టు వంచమన్నాడు. వంచాను. పిడికిలి బిగించమన్నాడు. మూడింటికి కాబట్టి బిగిసింది. "పొద్దున ఐదింటికి బిగవదు సార్" అన్నాను. "ఇప్పుడు టైమెంతమ్మా?" అన్నాడు. అక్కడితో విచారణ ముగిసింది. కాగితం మీద ముప్ఫై ఎనిమిది శాతం అని పడింది. నలభై ఉంటేనే లెక్కలోకి వస్తుంది, పాసూ, పింఛనూ, కోటా ఏదైనా.

నేను ఇంటర్మీడియట్ తెలుగు లెక్చరర్ని. ఇరవయ్యేళ్ళుగా పేపర్లు దిద్దుతున్నాను. మా దగ్గర 35 వస్తే పాసు. 33 దగ్గర ఆగిన పిల్లాణ్ణి, సంధి తప్పు రాసినా సమాసం ఒప్పు రాశాడు కదా అని, రెండు మార్కులు ఎక్కడో వెతికి గట్టెక్కించిన పాపం చాలాసార్లు చేశాను. అలాంటిదాన్ని రెండు మార్కుల్లో తప్పాను. "సప్లిమెంటరీ ఉంటుందా సార్?" అని అడిగాను. ఆయన నవ్వలేదు. "ఇంకాస్త ముదిరాక రండమ్మా" అన్నాడు, ఆప్యాయంగానే.

ఇందులో ఉన్న సొగసు ఇంటికొచ్చాక అర్థమైంది. 1995 చట్టంలో వైకల్యాలు ఏడు. 2016లో వచ్చిన చట్టంలో ఇరవయ్యొకటి. హీమోఫీలియా ఉంది, తలసీమియా ఉంది, సికిల్‌సెల్ ఉంది, పార్కిన్సన్స్ ఉంది, మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉంది. మంచిదే, వాళ్ళు ఎన్నేళ్ళు పోరాడితే వచ్చిందో అది. రుమటాయిడ్ ఆర్థరైటిస్ పేరు ఆ జాబితాలో లేదు. అది వచ్చి వెళ్ళినచోట మిగిల్చిన వంకరలనే చట్టం గుర్తిస్తుంది. తుపానుకి గుర్తింపు లేదు, కూలిన ఇళ్ళకే ఉంది. అంటే నేను మందులు సరిగ్గా వేసుకుని, వేళ్ళు వంకరపోకుండా కాపాడుకున్నంత కాలం సర్టిఫికెట్టు దూరం జరుగుతూ ఉంటుంది. మందులు మానేసి, నాలుగు వేళ్ళు కొంగమెడల్లా వంచుకుని వెళితే ఎర్ర తివాచీ. సుబ్బారావు గారు నన్ను కాపాడారు, ఆ కాపాడటంతోనే నా శాతం పడగొట్టారు.

చట్టాన్ని తిట్టడానికే కూర్చుని చదివాను గానీ, అందులో ఒకచోట నా నోరు మూతపడింది. వైకల్యం ఉన్న మనిషి అంటే ఎవరో చెప్పినచోట, ఒంట్లో ఉన్న దీర్ఘకాలపు లోపం బయట ఉన్న అడ్డంకులతో తలపడినప్పుడు, నలుగురితో సమానంగా మసలనివ్వని స్థితి అన్న అర్థం వచ్చేలా రాశారు. ఎవరు రాశారో గానీ వాళ్ళ చేతులు చల్లగుండ. లోపం సగం, అడ్డంకి సగం అన్నమాట. మరి శిబిరంలో నా సగాన్నే కొలిచారు. ఆ రెండో సగాన్ని కొలిచే డాక్టరు ఏ గదిలో కూర్చుంటాడు?

ఎవరూ కూర్చోవడం లేదు కాబట్టి ఆ ఉద్యోగం నేనే పుచ్చుకున్నాను. జీతం లేకపోయినా అధికారం ఉంది. మూడేళ్ళుగా నా శిబిరం నిర్విరామంగా నడుస్తోంది. ముప్ఫై రెండు మెట్లు, వేలాడే బోర్డు ఉన్న ఆ భవనానికి ఎనభై శాతం శాశ్వత వైకల్యం ధ్రువీకరించాను. కోటిన్నర పెట్టి కట్టి, భోజనాలు సెల్లారులో, పెళ్ళి పై అంతస్తులో పెట్టిన ఫంక్షన్ హాలుకి డెబ్భై. మా కాలనీలో ఒక బ్యాంకు ముందు ర్యాంపు ఉంది. ఉందంటే ఉంది. గుట్ట ఎక్కినట్టుంటుంది, మొదట్లో ఆరు బైకులు, చివర్లో పూలకుండీ. దానికి యాభై ఐదు, పూలకుండీకి ఇంకో ఐదు. చేతులెత్తితే గానీ అందని ఎత్తులో మొదటి మెట్టు ఉండే సిటీ బస్సుకి అరవై. బస్సులో వికలాంగుల సీటులో కూర్చుని, నన్ను చూడగానే ఫోనులోకి తల దూర్చే కుర్రాడికి ముందు దృష్టిలోపం అని రాసి, తరవాత కొట్టేశాను. చూపు లేనివాళ్ళని అవమానించినట్టవుతుంది.

మా కాలేజీ యాజమాన్యాన్ని మాత్రం ఇంకా పరీక్షిస్తూనే ఉన్నాను. నా క్లాసులు మూడో అంతస్తులో. కింది అంతస్తుకి మార్చమని అర్జీ పెట్టాను. "మీకొక్కరికీ మారిస్తే అందరూ అడుగుతారు మేడమ్" అన్నారు ప్రిన్సిపాల్ గారు. అందరికీ రుమటాయిడ్ వచ్చేదాకా ఆగమని కాబోలు.

సర్కారు ఈ అడ్డంకుల సంగతి ఎరగదని కాదు. సుగమ్య భారత్ అని 2015 డిసెంబరు 3న పెద్ద ఉద్యమమే మొదలుపెట్టింది. దాదాపు తొమ్మిదేళ్ళు గడిచాక, 2024 నవంబరులో, సుప్రీంకోర్టు ఇంకో మాట చెప్పాల్సి వచ్చింది. భవనాలూ రవాణా అందుబాటులో ఉండాలన్న నియమాలు చేస్తే మంచిది అన్నట్టు మెత్తగా ఉన్నాయి, చేసి తీరాలి అన్నట్టు ఉండాలి, తిరగరాయండి అంది. ఆ తీర్పుకి ఆధారంగా నిలిచిన నివేదిక మన హైదరాబాదు నల్సార్ విశ్వవిద్యాలయం వాళ్ళు తయారు చేసింది. సంతోషించాను. సంతోషిస్తూ బ్యాంకుకి వెళ్ళాను. పూలకుండీలో కొత్తగా చామంతి నాటారు.

మెట్లు మార్చడం కష్టంగానీ పేర్లు మార్చడం చిటికెలో పని. వెనకటికి మనవాళ్ళు కుంటి, గుడ్డి అని మోటుగా అనేవాళ్ళు. తప్పే. తరవాత వికలాంగులు అయ్యాం. 2015 డిసెంబరులో ప్రధానమంత్రి రేడియోలో చెప్పిన దగ్గర్నుంచీ దివ్యాంగులం. ఆంధ్రప్రదేశ్‌లో అయితే శాఖ పేరే విభిన్న ప్రతిభావంతులది. ప్రతిభ! టవలు చుట్టి, పళ్ళతో లాగి, తలుపు సందులో పెట్టి ఆవకాయ సీసా మూత తియ్యగలను. నా మణికట్టు సలిపిన సాయంత్రం వాన పడుతుందని చెప్పగలను, వాతావరణ శాఖకన్నా తక్కువసార్లు తప్పుతాను. ఇంతే నా విభిన్న ప్రతిభ. ఇక దివ్యం అంటారా, దివ్యమైనవాళ్ళకి నడిచే పని ఉండదు. గరుత్మంతుడుంటాడు, నందీశ్వరుడుంటాడు, ఎలక అయినా ఉంటుంది. బిరుదిచ్చినవాళ్ళు వాహనం ఇవ్వడం మర్చిపోయారు.

డబ్బు సంగతి కూడా ఒక ముక్క. ఆంధ్రలో 2024 జులై నుంచి వికలాంగుల పింఛను ఆరు వేలు చేశారు. తెలంగాణలో 2023లో నాలుగు వేల పదహారు చేశారు. ఆ పదహారు చూస్తే ముచ్చటేస్తుంది. పెళ్ళిలో చదివింపులకి నూట పదహార్లు, వెయ్యి నూట పదహార్లు అంటాం చూడండి, అలా. హక్కు ఇస్తున్నట్టు కాకుండా శుభకార్యానికి కానుక పెడుతున్నట్టు ఉంటుంది. నా ముప్ఫై ఎనిమిదికి ఆ పదహారు రూపాయలు కూడా రావు లెండి, నేను పందిట్లో పిలవని పేరంటాన్ని.

డిసెంబరు 3 ప్రపంచ వికలాంగుల దినం. కిందటేడు మా కాలనీ సంఘం వాళ్ళు "స్ఫూర్తి" అనే సభ పెట్టి నన్ను మాట్లాడమన్నారు. సభ సంఘం భవనంలో, మేడ మీద. అధ్యక్షుడు గారు నా భుజం తట్టి, అదీ వాచిన భుజం, "పాజిటివ్‌గా ఉండాలమ్మా, అన్నీ మనసులోనే ఉన్నాయి" అన్నారు. ఏం చెప్పను? "ఆర్.ఏ. ఫ్యాక్టర్ పాజిటివ్ సార్, యాంటీ సీసీపీ కూడా పాజిటివే, ఇంతకన్నా పాజిటివ్‌గా ఉండటం నా వల్ల కాదు" అన్నాను. తరవాతి వక్త సుధాచంద్రన్ గారి గురించి చెప్పారు. ఎవరు మాట్లాడినా ఆవిడ దగ్గరికే వస్తారు. 1981లో ప్రమాదంలో కాలు పోగొట్టుకుని, జైపూర్ కాలుతో నాట్యం చేసి, 1985లో "మయూరి" సినిమాలో తన కథ తానే నటించిన మనిషి. చేతులెత్తి దణ్ణం పెట్టాల్సిందే. కానీ అదే సుధాచంద్రన్ గారు 2021 అక్టోబరులో ఒక వీడియోలో గోడు వెళ్ళబోసుకున్నారు. విమానాశ్రయానికి వెళ్ళిన ప్రతిసారీ తనిఖీలో కృత్రిమ కాలు తీసి చూపించమంటున్నారని, వృద్ధులకి ఇచ్చినట్టు తమలాంటి వాళ్ళకీ ఒక కార్డు ఇవ్వమని అడిగారు. భద్రతా దళం క్షమాపణ చెప్పింది. ఆ వీడియో సంగతి సభలో ఎవరూ ఎత్తలేదు. కాలు తొడుక్కుని నాట్యం చేస్తే మనకి స్ఫూర్తి. కాలు తియ్యను అంటే అది ఫిర్యాదు, సభకి పనికిరాదు. నేను ఆవిడ నాట్యాన్ని వాళ్ళకి వదిలేసి, ఆ విసుగుని నా కోసం ఉంచుకున్నాను. నా స్ఫూర్తి అక్కడుంది. శాలువా కప్పారు. మేడ దిగడానికి ఇరవై నిమిషాలు పట్టింది, శాలువా కాళ్ళకడ్డం పడి.

ఆ వారమే కర్ర కొన్నాను. అల్యూమినియంది, ఎత్తు సర్దుకోవచ్చు, కింద రబ్బరు బొడిపె. దీని వెనక జ్ఞానోదయం ఏమీ లేదు. గొడుగు పాడైంది, అంతే. రబ్బరు బొడిపె చలువరాయి మీద జారదు. ఆరేళ్ళ తరవాత కూరగాయల బజారు ఆ చివరి దాకా వెళ్ళాను. ఆ చివర్న చుక్కకూర చవగ్గా ఇస్తారని అప్పుడే తెలిసింది.

మొన్న మాఘమాసంలో మా పెదనాన్న మనవరాలి పెళ్ళి. కర్రతో వెళ్ళాను. లోపలికి అడుగుపెట్టగానే పందిరి నిశ్శబ్దమైంది, పెళ్ళికొడుకు వచ్చినప్పుడు కూడా అంత కాలేదు. ముగ్గురు ఒకేసారి కుర్చీలు జరిపారు. ఒకావిడ "పాపం, ఎప్పుడైంది?" అంది. పన్నెండేళ్ళయింది అంటే నమ్మలేదు. వంట బ్రాహ్మడు నాకు నెయ్యి ఇంకో గరిటె వేశాడు, అది మాత్రం కాదనలేదు.

మా అత్త దూరం నుంచే చూసింది. కళ్ళజోడు సర్దుకుంది. పాపిట నుంచి మొదలుపెట్టి, ఈసారి పాదాల దగ్గర ఆగకుండా రబ్బరు బొడిపె దాకా చూసింది. "నిన్నటిదాకా లక్షణంగా ఉన్నావు కదే! ఈ దిక్కుమాలిన కర్ర పట్టుకున్నాకే ఇలా అయిపోయావు" అంది.

"బాగున్నావా అత్తా?" అన్నాను.

"ఆఁ, నాకేం, దివ్యంగా ఉన్నాను."

"నేను బాలేను. కూర్చుంటాను, కొంచెం జరుగు."

జరిగింది. అప్పగింతల వేళ అందరూ అటు పోయారు. మా వరసలో మేమిద్దరమే మిగిలాం. ఆవిడ లేవబోయింది. ముందు కుర్చీ వీపు పట్టుకుంది, చాలలేదు, నా కర్ర అందుకుంది, లేచి నిలబడింది. నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగి, ఇంకో నాలుగడుగులు వేసింది. ఎనభై మూడేళ్ళ మోకాళ్ళు. ఇన్నేళ్ళలో నేను వాటి సంగతి ఒక్కసారీ అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది. చూడ్డానికి బానే ఉండేది మరి.

వచ్చి కూర్చుని, కర్ర నా ఒళ్ళో పెట్టి, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"ఎంతైందే ఇది?"

చెప్పాను.

"మరీ కర్రలా ఉంది. చూడ్డానికి గొడుగులా ఉండేది దొరకదూ?"

"మా ఇంట్లో ఒకటుంది అత్తా," అన్నాను. "బటన్ బాగు చేయించుకోవాలి."